కాంగ్రీ: కశ్మీరు కుంపటి చరిత్ర

కశ్మీరు లోయలో తరతరాలుగా చలికాలపు తోడుగా నిలిచిన కాంగ్రీ, మట్టిపాత్ర చుట్టూ సన్నని కొమ్మలతో బుట్ట అల్లి, అందులో బొగ్గు నిప్పులు పోసి, ఫేరన్ అనే వదులైన పొడవాటి అంగీ లోపల పట్టుకుని తిరిగేందుకు అనువుగా రూపొందిన చిన్న కుంపటి. తెలుగు ఇళ్లలోని కుంపటి ఒకచోట కుదురుగా ఉండేది కాగా, కాంగ్రీ మనిషి వెంట కదిలేది. చరారే షరీఫ్ పట్టణం దీని అల్లికకు పేరుపొందింది. రాలిన చినారు ఆకులను కాల్చి చేసిన బొగ్గు, నివురు కింద మెల్లగా రగులుతూ గంటల తరబడి వెచ్చదనాన్నిచ్చేది.

ఆ వెచ్చదనానికి మూల్యం కూడా ఉండేది. ఏళ్ల తరబడి ఒకేచోట సోకే వేడి వల్ల పొట్టపైన, తొడలపైన చర్మం నల్లబడి, కొందరిలో క్యాన్సరుగా మారడాన్ని మిషనరీ వైద్యుడు విలియం ఎల్మ్‌స్లీ 1866లో వివరించాడు. శ్రీనగర్ మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన ఎర్నెస్ట్ నీవ్ ఆ అధ్యయనాన్ని కొనసాగించాడు. వైద్యశాస్త్రంలో ఈ వ్యాధికి 'కాంగ్రీ క్యాన్సర్' అనే పేరే స్థిరపడింది.

రెండవ ప్రమాదం కంటికి కనిపించదు. గాలి చాలక బొగ్గు అరకొరగా మండినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్, రంగూ వాసనా లేని వాయువు కావడం వల్ల పసిగట్టలేనిది; అది రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా బలంగా అంటుకుని, నిద్రలోనే ప్రాణం తీయగలదు. అందువల్ల కాంగ్రీ అయినా, కుంపటి అయినా, తలుపులు మూసిన గదిలో నిప్పులు ఉంచుకుని నిద్రించరాదు.