గర్భాశయ లోపొర మూలకణాలు

గర్భాశయపు లోపొర ఎండోమెట్రియం నెలనెలా రాలి, మచ్చ పడకుండా మళ్లీ పెరుగుతుంది. స్త్రీ జీవితంలో సుమారు 400 సార్లు. బహిష్టులో పోయేది పైభాగమే. కండరాన్ని అంటుకున్న అడుగుపొర నిలిచి, ఈస్ట్రోజన్ ప్రభావంతో కొద్దిరోజుల్లోనే కొన్ని మిల్లీమీటర్ల కొత్త కణజాలాన్ని పెంచుతుంది. ఒక్క కణం నుంచే గుంపుగా ఎదగగల, మూలకణాల వంటి కణాలు ఎండోమెట్రియంలో అతికొద్దిగా ఉన్నాయని 2004లో మెల్‌బోర్న్ మోనాష్ విశ్వవిద్యాలయంలో కరోలిన్ గార్గెట్ బృందం చూపింది. వీటిలో కొన్ని రక్తనాళాల చుట్టూ ఉంటాయి. మైల అని దూరం పెట్టిన బహిష్టు రక్తంలోనూ ఇలాంటి మూలకణాలు దొరుకుతాయి.

అడుగుపొర దెబ్బతింటే గోడలు అతుక్కుపోతాయి. అదే అషర్మన్ సిండ్రోమ్. గర్భస్రావం తర్వాత గర్భసంచి గీకి శుభ్రం చేయడం ముఖ్య కారణం. మన దేశంలో జననాంగ క్షయ మరొకటి. అషర్మన్ సిండ్రోమ్‌కు మూలకణ చికిత్స ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప దీన్ని చేయరాదు. సబ్బవరం నుంచి విశాఖ ఆసుపత్రులకు సంతానం కోసం వెళ్లే దంపతులు ఈ చికిత్సకు ఒప్పుకునేముందు ఆ అనుమతి పత్రం అడిగి చూడాలి.