మొలకపన్ను – చిగురుపన్ను: గృహమద్య తయారీ, రాజ్యాధికారం

ఉపోద్ఘాతం

1879లో గోదావరి జిల్లా రంప మన్యంలో చెలరేగిన తిరుగుబాటుకు చరిత్రకారులు చూపే ముఖ్యకారణాలలో చిగురుపన్ను ఒకటి. కల్లుగీతపై రంప మన్సబుదారు వసూలు చేసిన పన్ను అది. అంతకు 154 ఏళ్ల ముందు, 1725లో, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో జనం మరొక పన్నుపై తిరగబడ్డారు. అది మాల్టుపై, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీపై వేసిన పన్ను. ఈ రెండు ఘటనలకూ పరస్పర సంబంధం లేదు. రెండు ప్రాంతాల పంటలు వేరు, పానీయాలు వేరు. అయినా రెండు చోట్లా పాలకులు పట్టుకున్నది పాత్రలోకి చేరిన మద్యాన్ని మాత్రమే కాదు. దానికి చాలా ముందున్న దశను. ఒకచోట అది గింజ మొలక, మరొకచోట చెట్టు గీత.

ఇంట్లో తాగడానికి ఇంట్లోనే తయారు చేసుకునే పానీయంపై పన్ను వేయాలంటే రాజ్యం ఆ ఇంటి పనిలో ఏ దశను పట్టుకుంటుంది? ఎందుకు ఆ దశనే పట్టుకుంటుంది? స్కాట్లాండ్ గృహాలలో బార్లీని మొలకెత్తించి సారాయి దించిన చరిత్రను ప్రధానాధారంగా తీసుకుని ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రాచీన భారతీయ వాఙ్మయం, తెలుగు నేల అనుభవం ఇందులో పోలికకు వస్తాయి.

మొలకలోని మర్మం

గింజలో ఉన్నది పిండిపదార్థం. అది నేరుగా పులిసి మద్యం కాదు. ముందు చక్కెరగా మారాలి. ఆ మార్పును తెచ్చే శక్తి మొలకెత్తే గింజలోనే పుడుతుంది. తనలోంచి రాబోయే మొక్కను పోషించడానికి గింజ తన పిండిని తానే కరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఆ పని పూర్తికాకముందే మొలకను వేడితో ఆపివేస్తే పిండి చాలావరకు మిగులుతుంది, దానిని కరిగించే శక్తీ మిగులుతుంది. మాల్టు అంటే ఇదే. 1833లో పాయెన్, పెర్సో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు మాల్టు నుంచి ఈ శక్తిగల పదార్థాన్ని వేరుచేసి డయాస్టేస్ అని పేరుపెట్టారు. గృహిణులకూ రైతులకూ దాని పని అంతకు వేల ఏళ్ల ముందే తెలుసు.

ఇంటి పద్ధతిలో బార్లీని రెండుమూడు రోజులు నానబెట్టేవారు. నీరు వార్చి, నేలపై కుప్పపోసి, వేడి పుట్టగానే పలుచగా పరిచేవారు. వేర్లు ఒకదానితో ఒకటి అల్లుకోకుండా రోజుకు పలుమార్లు తిరగవేసేవారు. పొట్టు లోపల మొలక దాదాపు గింజ పొడవుకు చేరేసరికి వారానికి పైగానే పట్టేది. అప్పుడు దానిని పొగబట్టీపై ఆరబెట్టేవారు. మొలక తక్కువైతే గింజ పిండి లొంగదు. ఎక్కువైతే ఆ పిండిని మొక్కే తినేస్తుంది. ఆ క్షణాన్ని వేలితో నలిపి, ముక్కుతో వాసన చూసి గుర్తించేవారు.

ఈ వివరాలలో రాజ్యానికి పనికివచ్చే విషయం ఒకటుంది. సారాయి దించడం ఒక రాత్రి పని. సారాయి బట్టీని విప్పి మోసుకుపోవచ్చు. మొలకెత్తించడానికి మాత్రం రోజులు కావాలి, నీరు కావాలి, విశాలమైన నేల కావాలి, పొగవచ్చే మంట కావాలి. దాచడానికి అత్యంత కష్టమైన దశ అది.

ప్రాచీన వాఙ్మయంలో మొలకధాన్యం

మొలకధాన్యంతో పానీయం చేయడం భారతీయులకు కొత్త కాదు. శుక్లయజుర్వేదంలోని సౌత్రామణీ యాగంలో సురను సిద్ధం చేయడానికి శష్పం, తోక్మం, లాజలు, నగ్నహువు కావాలి. శష్పమంటే మొలకెత్తిన వరి అనీ, తోక్మమంటే మొలకెత్తిన యవలు అనీ మహీధరుడు తన వాజసనేయి సంహితా భాష్యంలో వివరించాడు. లాజలు పేలాలు, నగ్నహువు పులియబెట్టే ద్రవ్యం. సుర పులిసిన పానీయమే కాని బట్టీలో దించిన సారాయి కాదు. అయినా గింజను మొలకెత్తించి పిండిని లొంగదీసే మొదటి మెట్టు రెండింటికీ ఒకటే. మొలకెత్తిన వరికి ఒక పేరు, మొలకెత్తిన యవలకు మరొక పేరు వేరువేరుగా ఉండడం ఆ పని ఎంత పరిచితమైనదో సూచిస్తుంది.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని సురాధ్యక్ష ప్రకరణం మద్యాన్ని రాజ్య వ్యవహారంగా చూసింది. నియమించిన చోట్ల కాక ఇతరత్రా మద్యం తయారుచేసినా, కొన్నా, అమ్మినా 600 పణాల దండన విధించింది. అంత కఠినమైన శాసనమే గృహస్థులకు ఒక వెసులుబాటునూ ఇచ్చింది. కుటుంబాలవారు శుభకార్యాలకు శ్వేతసురను, ఔషధానికి అరిష్టాన్ని చేసుకోవచ్చు. ఉత్సవాలకూ, సమాజాలకూ, యాత్రలకూ నాలుగు రోజులపాటు సురను చేసుకునే అనుమతి ఇవ్వాలి. సురకూ కిణ్వానికీ సంబంధించిన పనులను స్త్రీలు, పిల్లలు చేయాలన్న విధి కూడా అక్కడే ఉంది. ఇంటి నైపుణ్యంపైనే రాజ్యపు మద్యశాల ఆధారపడిందని దీనివల్ల తెలుస్తుంది. ఇక్కడ రాజ్యం పరిమితి విధించింది అవసరానికీ, రోజుల సంఖ్యకూ, మొలకకు కాదు.

స్కాట్లాండ్: ఇంటి హక్కు

స్కాట్లాండ్‌లో సారాయి తొలి లిఖితాధారం మాల్టు లెక్కలోనే కనిపిస్తుంది. 1494 నాటి రాజకోశపు పద్దులో, రాజాజ్ఞ మేరకు జీవజలం చేయడానికి జాన్ కోర్ అనే సన్న్యాసికి ఎనిమిది బోల్‌ల మాల్టు ఇచ్చినట్లు నమోదైంది. 1579లో ధాన్యం కరవు వచ్చినప్పుడు స్కాట్లాండ్ పార్లమెంటు సారాయి తయారీని నియంత్రించి, ప్రభువర్గాలవారు తమ సొంత ధాన్యంతో తమ వాడకానికి చేసుకోవడాన్ని మాత్రం అనుమతించింది. ఇంటికోసం చేసుకోవడం హక్కుగానే ఉంది; అది ఎవరి హక్కు అన్నదే అప్పటి ప్రశ్న. 1644లో సారాయిపై తొలిసారిగా సుంకం వచ్చింది. ఆ తరువాత కూడా సొంత గింజతో ఇంటికోసం దించుకునే ఆచారం నిలిచింది.

ఉత్తరాది కొండసీమలో ఈ పనికి మరో ప్రయోజనం ఉంది. అక్కడి తడినేలల్లో పండే బార్లీని చెడిపోకుండా నిలవ ఉంచడం, బాటలు లేని కొండల మీదుగా సంతకు మోయడం రెండూ కష్టమే. అదే బార్లీ సారాయిగా మారితే చిన్న పీపాలో గుర్రంపై వెళ్తుంది. వడకట్టగా మిగిలిన పిప్పి పశువులకు మేత అవుతుంది. చేతికి వచ్చిన నగదు భూస్వామికి కౌలు అవుతుంది. అందుచేత న్యాయాధికారులుగా కూర్చున్న భూస్వాములే తమ రైతుల బట్టీలను చూసీచూడనట్లు వదిలేవారు.

మొలకపై పన్ను

1707లో ఇంగ్లండు, స్కాట్లాండ్ ఏకమైనప్పుడు, జరుగుతున్న యుద్ధం ముగిసేవరకు స్కాట్లాండ్‌లో మాల్టుపై పన్ను వేయరాదని సంధిలోనే రాసుకున్నారు. 1713లో దానిని విధించబోతే ఐక్యతనే రద్దు చేయాలన్న ప్రతిపాదన ప్రభువుల సభకు వచ్చి, కేవలం నాలుగు ఓట్ల తేడాతో వీగిపోయింది. 1725లో వాల్పోల్ ప్రభుత్వం బుషెల్‌కు మూడు పెన్నీల చొప్పున పన్నును అమలుచేసింది. ఇంగ్లండులో చెల్లించేదానిలో అది సగమే. అయినా జూన్ నెలలో గ్లాస్గో జనం, పన్నును సమర్థించాడన్న కోపంతో, పార్లమెంటు సభ్యుడు డేనియల్ క్యాంప్‌బెల్ భవనంపై దాడిచేశారు. సైనికుల కాల్పుల్లో పలువురు మరణించారు. నగరం క్యాంప్‌బెల్‌కు నష్టపరిహారం చెల్లించవలసివచ్చింది. మరుసటి ఏడాది అతడు ఐలా ద్వీపాన్ని కొన్నాడు. పొగవాసన గల మాల్టు విస్కీకి నేడు లోకప్రసిద్ధమైన ద్వీపం అదే.

ఈ పన్ను వసూలు విధానం గమనించదగినది. అధికారి నానబెట్టిన తొట్టిలోని గింజను కొలిచేవాడు. తడికి ఉబ్బిన కుప్పను మళ్లీ కొలిచేవాడు. ఆ విధంగా ఇంటివారి కంటికి మాత్రమే తెలిసిన మొలక ఎదుగుదల ప్రభుత్వపు లెక్కపుస్తకంలోకి ఎక్కింది. ఇంటి బట్టీపైనా ఆంక్షలు క్రమంగా బిగిశాయి. 1779లో సొంత వాడకపు బట్టీ పరిమాణాన్ని 10 గ్యాలన్ల నుంచి 2 గ్యాలన్లకు కుదించారు. 1781లో ఇంటికోసం దించుకోవడాన్నే నిషేధించారు. అంతవరకు గృహకృత్యమైన పని ఒక్క చట్టంతో నేరమయింది.

నేరం కాగానే మొలకెత్తించే తావులు మారాయి. బార్లీ బస్తాలను కొండవాగుల్లో, చిత్తడి గుంటల్లో ముంచి నానబెట్టారు. గుహల్లో, కొట్టాల్లో, నేలమాళిగల్లో పరిచి మొలకెత్తించారు. చిత్తడినేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డలే అక్కడి వంటచెరకు. ఆ మంటపై ఆరబెట్టడంవల్ల మాల్టుకు పొగవాసన పట్టేది. దొంగబట్టీ ఆచూకీ చెప్పినవారికి ప్రభుత్వం బహుమతి ప్రకటిస్తే, అరిగిపోయిన రాగిగొట్టాన్ని తామే పట్టించి, ఆ డబ్బుతో కొత్తది చేయించుకున్నవారి కథలు జనశ్రుతిలో నిలిచాయి.

సుంకాధికారి అయిన కవి

ఈ సంఘర్షణ సాహిత్యంలో ఒకే వ్యక్తి జీవితంలో రెండువైపులా కనిపిస్తుంది. రాబర్ట్ బర్న్స్ 1786లో వెలువరించిన తొలి సంపుటిలో స్కాట్లాండ్ పానీయాన్ని కీర్తించిన కవిత ఉంది. సారాయి సుంకాల భారాన్ని తగ్గించమని కామన్స్ సభలోని స్కాట్లాండ్ ప్రతినిధులను వేడుకున్న కవిత కూడా అందులోనే ఉంది. మూడేళ్లకే, 1789లో, అతడు సుంకాధికారిగా ఉద్యోగంలో చేరాడు. 1792లో సుంకాధికారిని దయ్యం ఎత్తుకుపోయిందని ఊరంతా సంబరపడే పాటను రాసినవాడూ అతడే.

మాల్టు చరిత్రకు అతని ‘జాన్ బార్లీకార్న్’ కథాగేయం మరింత విలువైనది. జానపద గేయసంప్రదాయం నుంచి అతడు తీసుకున్న ఈ వస్తువులో బార్లీగింజే నాయకుడు. అతడిని మట్టిలో పూడుస్తారు, కోస్తారు, నీటిగుంటలో ముంచుతారు, నేలపై అటూఇటూ తిప్పుతారు, మంటపై కాలుస్తారు, రెండు రాళ్ల మధ్య నలుపుతారు. చదువరికి ఇవి చిత్రహింసలుగా తోస్తాయి. క్రమం గమనిస్తే ఇవి నానబెట్టడం, తిరగవేయడం, ఆరబెట్టడం, విసరడం. చట్టం నేరమన్న పనిని ఏ మెట్టూ తప్పకుండా పాట భద్రపరిచింది. రోకటిపాటలు, తిరగటిపాటలు పనినీ పని క్రమాన్నీ కలిపి నిలిపిన తీరు తెలిసిన తెలుగు పరిశోధకులకు ఈ గేయం స్వభావం సులభంగా బోధపడుతుంది.

1823 నాటి చట్టం 10 పౌన్ల రుసుముతో లైసెన్సు ఇచ్చి, కనీసం 40 గ్యాలన్ల బట్టీ ఉండాలని నిర్దేశించింది. సుంకం తగ్గింది, దొంగబట్టీలూ కొద్ది సంవత్సరాల్లో బాగా తగ్గాయి. గ్లెన్‌లివెట్ లోయకు చెందిన జార్జ్ స్మిత్ 1824లో లైసెన్సు పొందాడు. కాని 40 గ్యాలన్ల బట్టీ పెట్టగలిగినవాడు వ్యాపారి అయ్యాడు. పెట్టలేని ఇల్లు ఆ విద్యనే మరచింది. మాల్టుపై పన్నును గ్లాడ్‌స్టన్ 1880లో రద్దుచేశాడు. అప్పటికి ఇంటి మొలకకు పన్ను భయం పోయినా, దానిని సారాయిగా మార్చే హక్కు తిరిగి రాలేదు.

తెలుగు నేల: చెట్టుపై పన్ను

తెలుగువారి వాడుకలో కల్లు, సారా, ఇప్పసారా వంటి మాటలు ఉన్నాయి. మద్యంకోసం మొలకెత్తించిన ధాన్యాన్ని తెలిపే మాట వాటిలా ప్రచారంలో లేదు. దీనికి కారణం పదార్థంలోనే ఉంది. తాటి, ఈత, జీలుగు చెట్ల నుంచి కారే నీరాలో చక్కెర సిద్ధంగా ఉంటుంది. ఇప్పపూవులోనూ, బెల్లంలోనూ అంతే. పిండిని లొంగదీయవలసిన పని లేనప్పుడు గింజను మొలకెత్తించే అవసరమూ లేదు. మొలక విద్య ఇక్కడ వంటింట్లోనే మిగిలింది. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండితో పసిపిల్లలకు జావ కాస్తారు. మొలక పిండిని కరిగిస్తుంది కనుక జావ పలుచగా ఉంటూనే ఎక్కువ ధాన్యాన్ని ఇముడ్చుకుంటుంది. దానికి నేడు వాడుకలో ఉన్న రాగిమాల్టు అనే పేరు మాత్రం ఇంగ్లీషు ద్వారా వచ్చింది.

మద్యానికి మూలం గింజ కాక చెట్టు కావడంతో ఇక్కడి పన్ను కూడా చెట్టునే ఆశ్రయించింది. రంప మన్యంలో కొండవాసులకు కల్లు విలాసం కాదు. తిండిగింజలు కరవైన నెలల్లో ఆహారంలో భాగం. కొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటికోసం స్వేచ్ఛగా కల్లు గీసుకోవడాన్ని ఆపి, ఆ రాబడిని గుత్తేదారులకు అప్పగించాయి. దానిపై మన్సబుదారు చిగురుపన్ను తోడైంది. 1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. ఆ తరువాత వచ్చిన 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం తయారీని లైసెన్సుకు కట్టుబరిచింది. గీసే చెట్టు లెక్కన పన్ను కట్టే పద్ధతి స్థిరపడింది. చెట్టును దాచలేరు, గీతను దాచలేరు. స్కాట్లాండ్ నేలపై ఆరబోసిన మొలకకు ఉన్న బలహీనతే ఇక్కడ చెట్టుకూ ఉంది.

ముగింపు

రెండు చరిత్రలనూ పక్కపక్కన ఉంచి చూస్తే, గృహమద్యంపై పన్ను ప్రధానంగా తాగుడుకు సంబంధించిన నీతి ప్రశ్నగా మొదలుకాలేదని స్పష్టమవుతుంది. ఇంటి పనిలో ఎక్కువ కాలం, ఎక్కువ చోటు తీసుకుని బయటివారి కంటపడే దశ ఏదో రాజ్యం గుర్తించింది. దానిని కొలమానంగా చేసుకుంది. బార్లీ సీమలో అది మొలక, తాటి సీమలో అది చెట్టు. అర్థశాస్త్రం దండనతోపాటే కుటుంబానికి ఇచ్చిన వెసులుబాటును 1781 నాటి బ్రిటిష్ చట్టం గాని, రంపలో అమలైన ఆబ్కారీ నిబంధనలు గాని మిగల్చలేదు. రెండు ప్రాంతాల్లోనూ ప్రతిఘటన తాగే హక్కుకోసం మాత్రమే కాదు. సొంత గింజపైనా, సొంత చెట్టుపైనా ఇంటికి ఉన్న అధికారంకోసం. ఆ అధికారం చట్టంలో పోయినా, ఆ పని జ్ఞానం స్కాట్లాండ్‌లో బార్లీ కథాగేయంలో నిలిచింది. తెలుగు నేలపై కల్లుగీత వృత్తి పదజాలాన్నీ, పాటలనూ ఈ దృష్టితో సేకరించి పరిశీలిస్తే, ఆబ్కారీ దస్తావేజులు పన్నుగా మాత్రమే నమోదుచేసిన చరిత్రకు గీసిన చేతుల వైపు నుంచి సాక్ష్యం లభిస్తుంది.