బోదకాలు నిర్మూలన: దేశాంతర భాగస్వామ్యంలో డెల్టా గ్రామం, సంఘం

మచిలీపట్నం చరిత్ర చాలావరకు దేశాంతర సంబంధాల చరిత్రే. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకస్థావరం ఏర్పరచుకొంది. 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఇక్కడికే వచ్చి పరిచర్య ఆరంభించారు. అయితే ప్రతి సంబంధమూ భాగస్వామ్యం కాదు. ఈ తేడాను బోదకాలు వ్యాధి పరిశోధన చరిత్ర ద్వారా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. పరిశోధన సాగిన దారి

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలవారికి బోదకాలు కొత్త వ్యాధి కాదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని వ్యాపింపజేస్తుంది. దోమకున్న పాత్రను 1877లో చైనాలోని అమోయ్ రేవులో స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ మాన్సన్ గుర్తించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకడంతో మందుకోసం అన్వేషణ ముమ్మరమైంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ పరిశోధనకు నాయకత్వం వహించినవారు మన పొరుగునున్న భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అక్కడ రూపొందిన డి.ఇ.సి. మందును పోర్టోరికో రోగులకిచ్చి పరీక్షించిన ఫలితాలు 1947లో వెలువడ్డాయి. మరుసటి సంవత్సరమే సుబ్బారావు గారు మరణించారు.

2. ఆరోగ్యవంతుని వంతు

భారతదేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించగా, మన దేశం 2004లో వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటేటా సామూహిక మందుల పంపిణీ చేపట్టింది. ఇక్కడే గ్రామం వంతు వస్తుంది. కాలు వాయకపోయినా రక్తంలో క్రిములున్న మనిషి నుండే దోమ వాటిని మరొకరికి చేరవేస్తుంది. కాబట్టి రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర వ్యాధిగ్రస్తులు తప్ప అందరూ మాత్రలు మింగాలి. క్రిములు రక్తంలో రాత్రివేళ ఎక్కువగా కనబడతాయి గనుక పరీక్ష కూడా రాత్రే చేస్తారు. అర్ధరాత్రి తలుపు తట్టినవానికి వేలు చాపాలంటే నమ్మకం కావాలి. క్రిములు చనిపోయేటప్పుడు కొందరికి జ్వరం, తలనొప్పి రావచ్చునని ముందే చెప్పకపోతే ఆ నమ్మకం నిలువదు.

3. ఖమ్మం హెచ్చరిక

2009లో ఖమ్మం జిల్లాలో అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 14 వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా పరిశీలన చేపట్టాయి. కొందరు బాలికలు మరణించగా 2010లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అయితే చాలామంది బాలికల విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాలపై సంతకాలు చేసినట్లు బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా ఖండించింది.

4. సంఘానికి పాఠం

కరవుకాలంలో అంతియొకయ సంఘం యూదయకు సహాయం పంపింది (అపొ. కా. 11:27-30). తరువాత కానుకలు చేరవేసేటప్పుడు పౌలు ఒంటరిగా వెళ్లలేదు. నింద రాకుండునట్లు సంఘాలు ఏర్పరచిన సహోదరుని వెంటబెట్టుకొన్నాడు (2 కొరింథీ 8:18-21). ఉద్దేశం మంచిదైనా లెక్క అప్పగించే బాధ్యత తప్పదని దీని భావం.

గ్రామంలో కాపరి మాటకు వార్డెన్ సంతకానికున్నంత బరువు ఉంది. అందుచేత పరిశోధకులు వచ్చినప్పుడు కాపరి మూడు సంగతులు అడగాలి: ఏమి పరీక్షిస్తున్నారు? హాని కలిగితే ఎవరు బాధ్యులు? ఫలితాన్ని తిరిగి వచ్చి గ్రామస్థులకు చెబుతారా? ఆ జవాబులను సంఘానికి వివరించడం కాపరి పని. సంఘం తరఫున సమ్మతించడం ఆయన పని కాదు.