బొబ్బిలి రాజాపై బరంపురం గిరి

టిక్కెట్లు పంచే వేళ ‘లోకలా, నాన్‌లోకలా’ అన్న రగడ ఉత్తరాంధ్రకు కొత్తేమీ కాదు. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో మాత్రం బొబ్బిలిలో కాంగ్రెస్ ఏరికోరి పై ఊరివాణ్ణే నిలబెట్టింది.

అవతల ఉన్నది బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు. జమీందారు, జస్టిస్ పార్టీ నాయకుడు, పైగా మద్రాసు ప్రధానమంత్రి. ఆయన జమీలో బతికే రైతు ఆయన మీదే పోటీకి దిగాలంటే గుండె ధైర్యం ఒక్కటే చాలదు. జమీతో ఏ లావాదేవీ లేనివాడు కావాలి.

వరాహగిరి వెంకటగిరి అలాంటివాడు. వాళ్ల కుటుంబం గోదావరి సీమలోని చింతలపల్లి నుంచి బరంపురానికి వలస వెళ్లింది. ఆయన 1894లో అక్కడే పుట్టి, డబ్లిన్‌లో లా చదివి వచ్చాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిపోయినప్పుడు బరంపురం అటు వెళ్లిపోయింది. అంటే బొబ్బిలి ఓటరుకు ఆయన పక్క రాష్ట్రం మనిషి!

అయితే ఊరు పరాయిదైనా పేరు పరాయిది కాదు. గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడు. బొబ్బిలి, పార్వతీపురం స్టేషన్లు ఆ కంపెనీ లైనులోవే. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లూ తక్కువేం కాదు. జమీందారుకు భయపడనక్కర్లేని కూలి డబ్బు ఆ లైను వెంటే ఊళ్లకు చేరేది. గిరికి అది కలిసొచ్చి ఉంటుంది.

రాజా ఓడిపోయాడు. కాంగ్రెస్‌కు 215 స్థానాల్లో 159 దక్కాయి. గిరి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యాడు.

1952లో పాతపట్నం ఆయన్ను లోక్‌సభకు పంపింది. 1957లో పార్వతీపురం దగ్గర కథ అడ్డం తిరిగింది. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక సీటు గిరిజనులకు రిజర్వు. రిజర్వు సీటు గిరిజన అభ్యర్థికే పోగా, జనరల్ సీటు కూడా మరో గిరిజనుడు దిప్పల సూరిదొరకే దక్కింది. గిరి స్వల్ప తేడాతో ఓడాడు. దొర గిరిజనుడే కాడనీ, గిరిజనుడైతే జనరల్ సీటు తీసుకోకూడదనీ గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఊరి కొండల మనిషిని పై ఊరి పెద్దమనిషి ప్రశ్నించడం కొంచెం విడ్డూరమే. 1959లో కోర్టు ఆ వాదనను కొట్టేసింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే ఎత్తేసింది.