షాన్షీ ఆర్థిక చరిత్ర

ఉత్తర చైనాలో తైహాంగ్ పర్వతాలకు పడమర, పసుపు నదికి తూర్పున ఉన్న పీఠభూమి షాన్షీ ప్రావిన్సు. రాజధాని తైయువాన్. విస్తీర్ణం సుమారు 1,56,000 చదరపు కిలోమీటర్లు. చైనాలో ఏటా తవ్వే బొగ్గులో పావు వంతుకు పైగా ఇక్కడిదే కాబట్టి షాన్షీ కథంతా బొగ్గు కథేనని అనుకోవడం మామూలైంది. చరిత్ర ఆ మాటకు సాక్ష్యం చెప్పదు. ఇక్కడి కలిమిలేములను నిర్ణయించింది సరుకు బయటికి పోయే దారి, ఆ దారి మీదా ధర మీదా ఎవరి పెత్తనం సాగిందన్నది. షాన్షీ నిజంగా దేశానికి ధనాగారమైన కాలంలో దాని బొగ్గు కొండలు దాటి పెద్దగా పోనేలేదు. మింగ్ పాలకులు ఉత్తర సరిహద్దు సైన్యానికి ధాన్యం చేరవేసినవారికి ఉప్పు అమ్ముకునే హక్కు ఇచ్చారు. సరిహద్దు పక్కనే ఉండటం, యున్‌చెంగ్ ఉప్పు సరస్సు తమ నేలలోనే ఉండటం షాన్షీ వర్తకులకు కలిసొచ్చాయి. ఆ వ్యాపార పరంపరలోనే 1823 ప్రాంతంలో పింగ్యావ్‌లో రిషెంగ్‌చాంగ్ హుండీల సంస్థ పుట్టింది. వెండిని బళ్ల మీద మోయకుండా కాగితం మీద ఊరూరికీ పంపే ఆ ఏర్పాటుతో పింగ్యావ్, చీషియన్, తైగూ పట్టణాలు చైనా ద్రవ్య వ్యాపారాన్ని నడిపాయి. చింగ్ రాజ్యం కూలాక అవీ కూలాయి.

దారి లేకపోతే ఏమవుతుందో 1876–79 కరువు చూపింది. తీరానికి చేరిన ధాన్యం కొండ కనుమల్లో ఇరుక్కుపోయి, లక్షల మంది ఆకలితో చనిపోయారు. వాళ్ల కాళ్ల కింద అపారమైన బొగ్గుందని కొన్నేళ్ల ముందే జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త రిక్టోఫెన్ రాశాడు. ఆ మాట విన్న విదేశీ పెట్టుబడి 1898లో పెకింగ్ సిండికేట్ పేరుతో తవ్వకం హక్కులు దక్కించుకుంది. స్థానికులు ఆందోళన చేసి, 1908లో 27.5 లక్షల టేల్‌ల (చైనా తూకం) వెండి చెల్లించే ఒప్పందంతో వాటిని వెనక్కి తీసుకున్నారు. నిక్షేపం కన్నా దాని మీద హక్కు ముఖ్యమని వాళ్లకు బాగా తెలుసు.

2000 తర్వాతి దశాబ్దంలో బొగ్గే షాన్షీకి సిరులు తెచ్చింది కదా అన్న అభ్యంతరం తోసిపుచ్చదగ్గది కాదు. గనుల యజమానులు కోటీశ్వరులైన మాట నిజం. అయితే ఆ సిరి ధరతో వచ్చింది, ధరతోనే పోయింది: 2012 తర్వాత బొగ్గు ధర పడిపోగా, 2015లో ప్రావిన్సు వృద్ధి 3.1 శాతానికి జారింది. నిక్షేపాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. తాతుంగ్ నుంచి చిన్‌హ్వాంగ్‌తావ్ రేవుకు 653 కిలోమీటర్ల రైలుమార్గం ఏటా కోట్ల టన్నులు మోసుకుపోతుంటే కుంగిన నేల, ఎండిన బావులు, గని ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు షాన్షీ వాటాకు మిగిలాయి. 2008 నుంచి చిన్న గనులను మూయించి పెద్ద సంస్థల్లో కలిపారు. దానివల్ల ప్రమాదాలు తగ్గాయి, ఇది మెచ్చుకోవలసిన పని. ధర నిర్ణయం మాత్రం షాన్షీ చేతికి రాలేదు. 2021లో దేశమంతా కరెంటు కొరత వచ్చినప్పుడు, ఆ అక్టోబరులోనే వరదలతో పదుల కొద్దీ గనులు మూతపడినా, 14 ప్రాంతాలకు బొగ్గు అందించే బాధ్యత షాన్షీ మీదే పడింది.