గాలిబేరాల ఏట పుట్టిన బీమా కంపెనీ

బందరులో వలందపాలెం తెలిసినవారికి డచ్చివారు కొత్త కాదు. వలందులంటే హాలండు వారే. భీమునిపట్నంలో వారి సమాధులు నేటికీ ఉన్నాయి. సర్వీసంతా జీతాల బిల్లుల్లో బీమా ప్రీమియం మినహాయింపులు వ్రాసిన గుమాస్తాను కనుక, ఆ దేశపు తొలి బీమా కంపెనీ కథ నన్ను ఆకర్షించింది.

అంతకు ముందు అక్కడ బీమా లేదని కాదు. బీమా తగాదాల విచారణకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 1598లోనే ఒక ప్రత్యేక సభ ఏర్పడింది. అయితే ఓడలకు బీమా ఇచ్చేది విడివిడి వర్తకులే. పాలసీ కాగితం కింద తలా ఇంత సొమ్ముకు పూచీపడి సంతకాలు పెట్టేవారు. ఓడ మునిగితే ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి వసూలు చేసుకోవాలి. వారిలో ఎవరైనా దివాలా తీస్తే ఆ వాటా కూడా సరుకుతోపాటు నీళ్ళపాలే!

ఈ అవస్థ తప్పించేందుకు 1720 జూన్‌లో రోటర్‌డామ్‌లో వాటాల మీద ఒక కంపెనీ పెట్టారు. బీమా చేయడం, హుండీలు డిస్కౌంటు చేయడం, సరుకు తాకట్టుపై అప్పులివ్వడం దాని పనులు.

కాని పుట్టిన వేళ మంచిది కాదు. పారిస్‌లో మిసిసిపీ కంపెనీ, లండన్‌లో సౌత్ సీ కంపెనీ వాటాల పిచ్చి జనాన్ని ఊపేస్తున్న రోజులవి. రోటర్‌డామ్‌ను చూసి డెల్ఫ్ట్, స్కీడామ్ వంటి ఊళ్ళూ కంపెనీలు తెరిచాయి. ఆమ్‌స్టర్‌డామ్ పెద్దలు మాత్రం ఒప్పుకోలేదు. వాటా విలువలో కొద్ది భాగం కడితే చాలు, కాగితం చేతికొస్తుంది. రేపు హెచ్చు ధరకు అమ్ముకోవచ్చు. అక్టోబరు నాటికి ధరలు కూలాయి. డచ్చివారు దీన్ని ‘గాలిబేరం’ అన్నారు. ఆ వెర్రిని ఎగతాళి చేస్తూ బొమ్మల పుస్తకమే అచ్చు వేశారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్మును అధిక వడ్డీ ఆశతో ఫైనాన్సు కంపెనీల్లో పోసినవారు మనలోనూ ఉన్నారు గనుక, మనం మరీ నవ్వనక్కరలేదు.

చాలా కంపెనీలు మాయమయ్యాయి. రోటర్‌డామ్‌ది నిలిచింది. నా మటుకు కారణం ఒకటే: ఆ ఊళ్ళో రేవుంది, ఓడలున్నాయి. వాటా ధర పడినా బీమా కావలసినవారు ఉండనే ఉన్నారు. అదే ఏట పుట్టిన మిడిల్‌బర్గ్ కంపెనీ కూడా నిలిచింది. కాని అది తరువాత ఆఫ్రికా బానిసల వ్యాపారంలో దిగింది. నిలవడమొక్కటే గొప్ప కాదు.

‘స్టాడ్ రోటర్‌డామ్’ పేరుతో సాగిన ఆ సంస్థ తరువాత ఏ.ఎస్.ఆర్.లో కలిసింది. దాన్ని 2000లో ఫోర్టిస్ కొన్నది. 2008 సంక్షోభంలో డచ్చి ప్రభుత్వం స్వాధీనం చేసుకొని, 2016లో మళ్ళీ వాటాలు అమ్మకానికి పెట్టింది. ఉట్రెక్ట్‌లోని ఏ.ఎస్.ఆర్. తన పుట్టిన ఏడాదిగా నేటికీ 1720నే చెప్పుకుంటుంది.