వెనక నుంచి లెక్కపెట్టిన డాక్టరు

పిల్లల కోసం చూస్తున్నవాళ్లకి ఇంట్లో పెద్దవాళ్ల నుంచి యూట్యూబ్ దాకా అందరూ చెప్పేది ఒకటే: నెలసరి వచ్చిన రోజు నుంచి 14వ రోజు ముఖ్యం అని. 28 రోజులకోసారి వచ్చేవాళ్లకి ఇది ఇంచుమించు సరిపోతుంది. మరి ఒకసారి 30 రోజులకి, ఇంకోసారి 42 రోజులకి వచ్చేవాళ్ల సంగతేంటి?

అసలు వందేళ్ల కిందటి దాకా అండం ఎప్పుడు విడుదలవుతుందో డాక్టర్లకే సరిగ్గా తెలీదు. 19వ శతాబ్దంలో యూరప్ వైద్యులు చాలామంది జంతువులతో పోల్చి, నెలసరి రోజుల్లోనే అండం వస్తుందనుకున్నారు. నెల మధ్యలో అయితే గర్భం రాదని సలహా కూడా ఇచ్చేవారు. నిజానికి పూర్తిగా తలకిందులన్నమాట!

1924లో జపాన్‌లోని నీగతాలో ఒగినో క్యుసాకు అనే స్త్రీల వైద్యుడు ఈ చిక్కు విప్పాడు. కడుపు ఆపరేషన్లప్పుడు అండాశయాల్ని పరిశీలించి, ఆ స్త్రీల నెలసరి తేదీలతో పోల్చి చూశాడు. కిందటి నెలసరి నుంచి ముందుకి కాకుండా, తర్వాతి నెలసరి నుంచి వెనక్కి లెక్కపెట్టాడు. రాబోయే నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు అండం విడుదలవుతుందని తేలింది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆస్ట్రియాలో హెర్మన్ క్నౌస్ కూడా విడిగా దీనికి దగ్గరి మాటే చెప్పాడు.

అంటే నెలసరి 28 రోజులకైతే సుమారు 14వ రోజు, 35 అయితే 21, 42 అయితే 28. అండం ఎదగడానికి పట్టే రోజులే ఎక్కువగా మారతాయి. విడుదలయ్యాక పట్టే రోజులు అంతగా మారవు.

చిక్కల్లా, తర్వాతి నెలసరి ఎప్పుడో ముందుగా తెలియకపోవడమే. అందుకే గర్భం రాకుండా ఉండటానికి తన లెక్కని వాడటం ఒగినోకే ఇష్టం లేదు. అయినా లోకం వాడింది. 1950ల మొదట్లో మన దేశంలో కూడా ఢిల్లీలో, బెంగళూరు దగ్గర రామనగరంలో ఆడవాళ్లకి రంగు పూసల దండలిచ్చి, రోజుకో పూస జరపమని నేర్పారు. నెలసరి తేదీలు మారిపోయేవాళ్లకి ఏ పూసలు సరిపోతాయి చెప్పండి?

కాబట్టి 14వ రోజు పట్టుకుని, గర్భం రాలేదని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఆరు నెలల తేదీలు రాసిపెట్టుకోండి. తెల్లసొన లాంటి జిగురు ద్రవం కనబడే రోజులు గమనించండి. థైరాయిడ్, పీసీఓడీ ఉంటే కొన్ని నెలలు అండం విడుదలే కాకపోవచ్చు. తరచుగా 35 రోజులు దాటుతుంటే ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్కాన్‌లో అండం ఎదుగుదల చూసి చెబుతారు.